పాలరాతి బల్లల ఊరు

'యూరప్ దాకా వచ్చి ఈఫిల్ టవర్ చూస్తారు, స్విట్జర్లాండ్‌లో మంచు చూస్తారు. కాఫీ హోటల్ చూడ్డానికి రెండో వీసా తీసుకునే మనిషిని మిమ్మల్నే చూశా' అంది మా ఆవిడ. ఆమె మాటలో తప్పేం లేదు. మావాడు పోలండ్‌లోని క్రాకోవ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. 2019 సెప్టెంబరులో మూడు వారాలు వాడి దగ్గర ఉండటానికి వెళ్లాం. అందులో మూడు రోజులు నావి అని ముందే ఒప్పందం. ఆ మూడు రోజుల్లో సరిహద్దు దాటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్ వెళ్లి రావాలి.

నేను తెనాలిలో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అంతకుముందు, 1991లో, ఎంఫిల్ చేశాను. నా అంశం బానాక్ బీజగణితాలు, వాటిలో 'ఎమీనబిలిటీ' అనే గుణం. ఆ పేరు వినగానే మా మామగారు 'ఉద్యోగానికి పనికొస్తుందా' అని అడిగారు. రాలేదు. ఇంటర్ పిల్లలకు చెప్పడానికి అవసరం పడలేదు. కానీ ఆ ఎంఫిల్ కాగితాల్లో ఒక్క పేజీ మాత్రం ఇన్నేళ్లూ నా బీరువాలోనే ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాన్నీ వెంట తెచ్చుకున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

పార్కులో ఇద్దరు

క్రాకోవ్ పాత ఊరి చుట్టూ ఒకప్పుడు కోటగోడ, కందకం ఉండేవట. గోడ కొట్టేసి కందకం పూడ్చేసి పార్కు చేశారు. పేరు ప్లాంటి. రాజుల కోట వైపు వెళ్తుంటే ఒకచోట కంచు బెంచీ, దానిమీద మాట్లాడుకుంటున్న ఇద్దరు కంచు మనుషులు కనిపిస్తారు. ఒకరు స్టెఫాన్ బానాక్, ఇంకొకరు ఒట్టో నికోదిమ్. 1916లో సాయంకాలం ఈ పార్కులో నడుస్తున్న హ్యూగో స్టైన్‌హౌస్ అనే గణితవేత్త చెవిలో 'లెబేగ్' అన్న మాట పడింది. ఆ రోజుల్లో ఆ మాట తెలిసినవాళ్లు యూరప్ మొత్తమ్మీద కొద్దిమందే. ఎవరా అని వెళ్లి పలకరిస్తే ఈ కుర్రాళ్లు. బానాక్‌కి అప్పుడు 24 ఏళ్లు. తల్లి పెంచలేదు. క్రాకోవ్‌లోనే ఒక చాకిరేవు నడిపే ఆమె పెంచింది. చేతిలో డిగ్రీ లేదు. తన జీవితంలో కనిపెట్టినవాటిలో అతి గొప్పది బానాక్‌నే అని స్టైన్‌హౌస్ తర్వాత చెప్పుకునేవారు. సరిగ్గా నూరేళ్లకు, 2016లో, ఆ బెంచీ పెట్టారు.

మనం బానాక్ అంటాం గానీ మావాడి ఆఫీసు స్నేహితుడు 'బానఖ్' అని గొంతులోంచి పలికాడు. నేను పాతికేళ్లు తప్పు పలికానన్నమాట. మా ఆవిడ ఆ ఇద్దరి మధ్య కూర్చుని ఫొటో దిగింది. 'వీళ్లలో మీవాడు ఎవరు?' అని అడిగి మరీ అటు వైపు ఒరిగింది.

పొలం, పొలిమేర

క్రాకోవ్ నుంచి షెమిషిల్ అనే సరిహద్దు ఊరికి రైల్లో మూడు గంటలు. అక్కడ దిగి, స్టేషన్లోనే పాస్‌పోర్టు తనిఖీ చేయించుకుని, ఉక్రెయిన్ రైలెక్కాలి. ఎందుకంటే పోలండ్ పట్టాల వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, ఉక్రెయిన్‌ది 1,520. మన బ్రాడ్‌గేజ్ 1,676 కాబట్టి ఇద్దరికంటే మనమే వెడల్పు అని మా ఆవిడకు గర్వంగా చెప్పాను. ఒక్క మాట: షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికే తీసుకుంటే మళ్లీ పోలండ్‌లోకి రానివ్వరు. మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. మావాడు చెప్పబట్టి సరిపోయింది.

సరిహద్దు దాటాక రెండు గంటల ప్రయాణం. గడియారం ఒక గంట ముందుకు తిప్పుకున్నాం. కిటికీలోంచి చూస్తే కోతలైపోయిన పొలాలు. గట్లు మనవాటిలా కాదు, దాదాపు లేనట్టే. పులిహోర పొట్లం విప్పుతూ అడిగింది మా ఆవిడ: 'పెళ్లయిన నాటి నుంచి వింటున్నా. ఇంతకీ ఏంటండీ ఆ ఎమీనబుల్?'

ముప్ఫై ఏళ్లలో మొదటిసారి అడిగింది. వదులుతానా!

'మీ నాన్నగారి పొలం అనుకో. నూరు గళ్లు పొడవు, నూరు గళ్లు వెడల్పు. గడికొక మనిషి. ఈల వేయగానే ప్రతివాడూ పక్క గడిలోకి జరగాలి. మధ్యలో ఉన్న గడికి తేడా ఏముంది? ఒకడు పోతే ఇంకొకడు వస్తాడు. తేడా వచ్చేది గట్టువారన ఉన్నవాళ్లతోనే. మొత్తం గళ్లు 10,000. అంచు గళ్లు 396. నూటికి నాలుగు కూడా లేవు. పొలం వెయ్యికి వెయ్యి అయితే పది లక్షల గళ్లకు అంచు 3,996. వెయ్యికి నాలుగు. పొలం పెరిగేకొద్దీ గట్టు లెక్కలోకి రాదు. కాబట్టి ఎంతమంది ఎటు జరిగినా మొత్తం మీద సగటు చెదరదు. ఇలా చెదరని సగటు ఉన్న లోకాన్ని ఎమీనబుల్ అంటారు.'

'అన్ని లోకాలూ అంతేగా?'

'కాదు. ఇంకో ఊరు చూడు. ప్రతి కూడలి నుంచీ నాలుగు దారులు. ఒకసారి విడిపోయిన దారులు మళ్లీ ఎక్కడా కలవవు, చెట్టు కొమ్మల్లాగా. ఒక కూడలిలో బయల్దేరి ఐదు అడుగుల దూరంలోపు ఉన్న కూడళ్లు లెక్కపెడితే 485. అందులో చివరి అంచున ఉన్నవే 324. ఎంత దూరం పోయినా ఇంతే, మూడింట రెండు వంతులు అంచే. ఊరంతా పొలిమేరే! ఈల వేస్తే లెక్కంతా తారుమారు. అక్కడ సగటు నిలబడదు.'

ఇక్కడే బానాక్ వస్తాడు. గుండ్రటి బంతిని రకరకాలుగా తిప్పడంలో ఆ చెట్టులాంటి ఊరు దాగి ఉంది. దాన్ని ఆసరా చేసుకుని 1924లో బానాక్, ఆల్‌ఫ్రెడ్ టార్‌స్కీ కలిసి ఒక వింత రుజువు చేశారు. ఒక గట్టి బంతిని లెక్కపెట్టగలిగినన్ని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని సాగదీయకుండా, వంచకుండా, కేవలం తిప్పి జరిపి పేరిస్తే అంతే సైజు బంతులు రెండు వస్తాయి. ఐదు ముక్కలు చాలని 1947లో రాఫెల్ రాబిన్సన్ తేల్చాడు.

'ఒక లడ్డూతో రెండు లడ్డూలా? మన పెళ్లికి ముందు చెప్పారు కాదు, మా నాన్నకి వంటవాళ్ల ఖర్చు కలిసొచ్చేది.'

కత్తితో కోసే ముక్కలు కావవి. ఘనపరిమాణం ఇంత అని చెప్పడానికే వీల్లేనంత చిందరవందర ముక్కలు. లడ్డూ అణువులతో చేసింది కాబట్టి కుదరదు. తమాషా ఏమిటంటే, బల్లపరుపు కాగితం మీద ఇలాంటి గారడీ జరగదని అంతకు ముందే, 1923లో, బానాకే నిరూపించాడు. బంతికి ఒక న్యాయం, కాగితానికి ఇంకో న్యాయం ఎందుకు? 1929లో జాన్ వాన్ నోయ్‌మన్ జవాబు చెప్పాడు: తప్పు బంతిది కాదు, దాన్ని తిప్పే కదలికలది. కాగితం మీది కదలికల సమూహానికి చెదరని సగటు ఉంది, బంతిని తిప్పే సమూహానికి లేదు. ఆ గుణానికి 'ఎమీనబుల్' అని పేరు పెట్టింది మాత్రం అమెరికాకు చెందిన మహ్‌లాన్ డే. ఇంగ్లిష్‌లో సగటుని 'మీన్' అంటారు, 'ఎమీనబుల్' అంటే మెత్తనివాడు, చెప్పినట్టు వినేవాడు. రెండూ కలిసొచ్చేలా శ్లేష అన్నమాట.

'సర్దుకుపోయేవి అనండి, తెలుగులో' అంది మా ఆవిడ పులిహోర ముందుకు తోస్తూ. ఎంఫిల్‌లో నాకు తట్టని అనువాదం.

సింహాల ఊరు

ల్వీవ్ స్టేషన్ 1904 నాటిది. ప్లాట్‌ఫారాల మీద ఇనుప కమానుల పైకప్పు, ఎత్తయిన హాలు. మేం దిగిన రోజున ఎంత ప్రశాంతంగా ఉందో! పూలమ్మే ముసలమ్మలు, ట్రామ్ కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు. 2022 ఫిబ్రవరి 24 తర్వాత ఇదే స్టేషన్‌ను టీవీలో చూశాను. అడుగు పెట్టే చోటు లేదు. ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఇక్కడి నుంచే సరిహద్దుకు చేరారు. మా వీధి అమ్మాయి ఒకతి ఆ స్టేషన్ హాల్లోంచి ఫోన్ చేసి, 'అంకుల్, మీరు వెళ్లారుగా, షెమిషిల్ రైలు ఏ వైపు వస్తుంది?' అని అడిగింది. నాకు గుర్తున్నది చెప్పాను. చివరికి రైలు దొరకలేదు. బస్సులో కొంత, కాలినడకన కొంత వెళ్లి సరిహద్దు దాటింది. అందుకే, ఇది ఆ ఊరికి దారి చూపించే వ్యాసం కాదు. 2019లో ఆ ఊరు ఎలా ఉందో అదే రాస్తున్నాను.

ల్వీవ్ అంటే సింహం ఊరు. 13వ శతాబ్దంలో డానిలో అనే రాజు తన కొడుకు 'లెవ్' పేరిట కట్టించాడు. గుమ్మాల మీద, గోడల మీద, తలుపు గొళ్లేల మీద ఎక్కడ చూసినా సింహాలే. టౌన్‌హాల్ ముందు కూడా రెండున్నాయి. రాళ్లు పరిచిన వీధులు, వాటిమీద ఈడ్చుకుంటూ పోయే ట్రామ్‌లు. పాత ఊరిని యునెస్కో 1998లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆస్ట్రియా ఏలుబడిలో దీని పేరు లెంబెర్గ్, పోలండ్ చేతిలో ల్వూఫ్, సోవియట్ రష్యన్‌లో ల్వోవ్, ఇప్పుడు ల్వీవ్. ఊరు కదల్లేదు, నూరేళ్లలో జెండాలే మారాయి.

శాకాహారులకు భయం లేదు. 'వరేనికి' అని ఉంటాయి. మన కజ్జికాయల్ని నూనెలో వేయించకుండా నీళ్లలో ఉడికించి, లోపల కొబ్బరికి బదులు ఆలుగడ్డ పెడితే ఎలా ఉంటుందో అలా. మా ఆవిడ ఆవకాయ నంజుకుంది. పక్క బల్లవాళ్లు సీసా వంక భయంగా చూశారు. కాఫీని 'కావా' అంటారు. చిక్కగా ఉంటుంది. ఈ ఊళ్లో కాఫీ తాగడం ఒక ఉద్యోగంలా చేస్తారు.

ఇంతకీ నేను వెతుక్కుంటూ వచ్చిన హోటలు షెవ్‌చెంకో ప్రాస్పెక్ట్ అనే చెట్ల వీధిలో ఉంది. 27వ నంబరు. బానాక్ కాలంలో ఈ వీధి పేరు అకదెమిచ్‌కా, హోటలు పేరు స్కాటిష్ కేఫ్. యూనివర్సిటీలో వారానికొకసారి సమావేశం అయ్యాక గణితవేత్తలంతా కాఫీ హోటల్‌కి చేరేవారు. బానాక్‌కి చుట్టూ సందడి ఉంటేనే బుర్ర పనిచేసేదట. బల్లలపైన పాలరాతి పలకలు. వాటిమీదే పెన్సిల్‌తో లెక్కలు. ఒకసారి బానాక్, స్తనిస్లావ్ మజూర్, స్తనిస్లావ్ ఉలామ్ 17 గంటలు కదలకుండా కూర్చున్నారని ఉలామ్ రాసుకున్నాడు. పాపం, పొద్దున్నే బల్ల తుడిచేవాళ్లకు అవి మరకలే కదా! ఎన్నో రుజువులు తడిగుడ్డకు పోయాయి.

ఇలా లాభం లేదని బానాక్ భార్య లూచ్యా ఒక లావుపాటి నోటుపుస్తకం కొనిచ్చింది. అది హోటల్లోనే ఉండేది. అడిగితే సర్వరు తెచ్చిచ్చేవాడు. 1935 జులై 17న బానాక్ మొదటి ప్రశ్న రాశాడు. 1941 మే 31న స్టైన్‌హౌస్ చివరి ప్రశ్న రాశాడు. అది అగ్గిపెట్టెల్లో పుల్లల గురించి. మొత్తం 193. దాన్నే 'స్కాటిష్ బుక్' అంటారు. ప్రశ్న, అడిగినవారి పేరు, తేదీ. కొన్నింటికి బహుమతి కూడా. వాన్ నోయ్‌మన్ ఈ ఊరొచ్చినప్పుడు ఒక ప్రశ్న రాసి, 'సున్నా కంటే ఎక్కువ పరిమాణం గల' విస్కీ సీసా ఇస్తానన్నాడు. ఒక్క చుక్క ఇచ్చినా మాట నిలబెట్టుకున్నట్టే! మజూర్ 1936లో రాసిన 153వ ప్రశ్నకు బహుమతి బతికున్న పెద్ద బాతు. అనంతమైనవాటిని చిన్న చిన్నవాటితో ఎప్పుడూ దగ్గరగా పట్టుకోగలమా అన్నదానికి ముడిపడిన ప్రశ్న అది. స్వీడన్‌కు చెందిన పెర్ ఎన్‌ఫ్లో 1972లో 'పట్టుకోలేం' అని తేల్చాడు. మజూర్ మాట తప్పలేదు. వార్సాలో బాతుని చేతికిచ్చాడు.

మేం వెళ్లిన సాయంత్రం హోటల్ కిటకిటలాడుతోంది. యుద్ధం తర్వాత కొంతకాలం ఈ భవనంలో బ్యాంకు నడిచిందట. 2019లో కింద రెస్టరెంటు, పైన హోటలు గదులు. రెస్టరెంటుకు పాత పేరే. బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. పాలరాతి పలకలు లేవు. అద్దంలోంచి తొంగి చూసి, ఆఖరి రోజు పొద్దున్నే వద్దామని వెనుదిరిగాం.

కొండ, సమాధి

రెండో రోజు ముసురు. ఊరికి దక్షిణంగా వూల్కా దిబ్బలు అని ఉన్నాయి. పచ్చిక, చెట్లు, కింద యూనివర్సిటీ హాస్టళ్లు. 1941 జూన్ చివరిలో జర్మన్లు ఊళ్లోకొచ్చారు. జులై 4 తెల్లవారుజామున ప్రొఫెసర్లను ఇళ్లలోంచి తెచ్చి ఇక్కడ కాల్చేశారు. గణితవేత్త వ్లోజిమియెష్ స్తోజెక్‌ను ఇద్దరు కొడుకులతో సహా. ఆంతోనీ వొమ్నిట్స్కీని కూడా. డిగ్రీలేని బానాక్‌కి 1920లో ఇంజినీరింగ్ కళాశాలలో అసిస్టెంటు ఉద్యోగమిచ్చినవాడు వొమ్నిట్స్కీయే. 2011లో ఇక్కడ స్మారకం కట్టారు. రాతి దిమ్మెలతో ఒక ద్వారం.

స్తనిస్లావ్ రుజియేవిచ్‌ను ఎనిమిది రోజుల తర్వాత, జులై 12న చంపారు. నా అంశంతో ఆయనకు సంబంధముంది. గోళం ఉపరితలాన్ని తిప్పినా మారకుండా కొలిచే పద్ధతి మనకు తెలిసిన వైశాల్యం ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా అన్న ప్రశ్నను ఆయన పేరుతోనే పిలుస్తారు. వలయం మీద అయితే ఇంకా ఉన్నాయని బానాక్ 1923లోనే చూపించాడు. వలయాన్ని తిప్పే సమూహం సర్దుకుపోయే రకం కాబట్టి ఎన్ని పద్ధతులకైనా చోటిస్తుంది. మామూలు గోళం సంగతి తేలడానికి 1984 దాకా పట్టింది. వ్లదీమిర్ డ్రిన్‌ఫెల్డ్ చెప్పిన జవాబు: ఒక్కటే. ఆ సమూహం ససేమిరా సర్దుకుపోని రకం కనుకనే ఒక్కటే. ఎమీనబుల్ కాకపోవడం కూడా ఒక బలమే అని అప్పుడే తెలిసింది.

గొడుగు కింద నిలబడి ఇదంతా మా ఆవిడకు చెప్పబోయి ఆగిపోయాను. ఆమె రాతిమీది పేర్లను ఒక్కోటీ వేలితో కూడబలుక్కుంటోంది. 'తండ్రీ కొడుకులు ముగ్గురూనా?' అని మాత్రం అడిగింది.

బానాక్ ప్రాణం పేల వల్ల దక్కింది. నిజంగానే. రుడాల్ఫ్ వైగల్ అనే శాస్త్రవేత్త టైఫస్ జ్వరానికి టీకా తయారుచేసేవాడు. అందుకు పేలు కావాలి, వాటికి మనిషి రక్తం కావాలి. చిన్న పెట్టెల్లో పేలను పెట్టి కాలికి కట్టుకుని కూర్చోవడమే ఉద్యోగం. ఆ గుర్తింపు కార్డుంటే జర్మన్ సైనికులు దగ్గరికి రావడానికి జంకేవారు. ప్రపంచంలో ప్రతి ఎమ్మెస్సీ పుస్తకంలోనూ పేరున్న మనిషి ఇలా మూడేళ్లు పేలకు రక్తమిచ్చి బతికాడు. యుద్ధం ముగిసిన 1945లోనే, ఆగస్టు 31న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. 53 ఏళ్లు.

7వ నంబరు ట్రామ్ ఎక్కితే లిచాకివ్ శ్మశానం. 1786 నాటిది. శ్మశానం అంటాం గానీ శిల్పాల తోటలా ఉంది. కవి ఇవాన్ ఫ్రాంకో సమాధి మీద బండను పగలగొడుతున్న మనిషి బొమ్మ దూరం నుంచే కనిపిస్తుంది. బానాక్‌కి సొంత సమాధి లేదు. తనకు ఇంట్లో చోటిచ్చిన రీడ్ల్ కుటుంబం వారి సమాధిలోనే ఆయన్నీ ఉంచారు. వెతకడానికి మాకు ముప్పావు గంట పట్టింది. తీరా చూస్తే ఎవరో అప్పటికే పూలు పెట్టి వెళ్లారు.

ఎర్ర సిరా

మూడో రోజు పొద్దున్నే వెళ్తే హోటల్లో కిటికీ పక్క బల్ల దొరికింది. రెండు కాఫీలు, ఒక చీజ్ కేకు చెప్పి, ప్లాస్టిక్ కవర్లోంచి ఆ పేజీ తీశాను.

ఇప్పుడు చెప్పాలి. 'బానాక్ బీజగణితం' అన్న మాటను బానాక్ ఎరగడు. ఆయన పోయిన 1945లోనే వారెన్ ఆంబ్రోస్ అనే అమెరికన్ ఆ పేరు పెట్టాడు. కూడటం, గుణించడంతోపాటు పొడవు కొలిచే కొలబద్ద కూడా ఉన్న లోకం అది. మన ఇంటర్ పిల్లలకు 'యూవీ ఫార్ములా' తెలుసు కదా, రెంటి లబ్ధాన్ని అవకలనం చేసేది. ఆ సూత్రాన్ని పాటించే ఏ ప్రక్రియనైనా 'డెరివేషన్' అంటారు. గుణకారంలో కుడి ఎడమలు వేరయ్యే లోకంలో ఒక 'ఎక్స్' పట్టుకుని, ప్రతి సంఖ్యనూ దానితో కుడి నుంచి, ఎడమ నుంచి గుణించి తీసివేస్తే వచ్చే తేడా కూడా ఆ సూత్రాన్ని పాటిస్తుంది. న్యూకాజిల్‌లో పనిచేసిన బారీ జాన్సన్ ఇలా అడిగాడు: డెరివేషన్లన్నీ ఇలా లోపలెక్కడో దాగిన ఎక్స్ వల్ల వచ్చినవేనా? ఒక ప్రత్యేక తరహావన్నీ అలాంటివే అయితే ఆ బీజగణితం ఎమీనబుల్. పేరు ఎందుకు అదే అంటే, దాగిన ఎక్స్‌ను వెతికే దారి సగటు తీయడమే. ఒక సమూహానికి చెదరని సగటు ఉంటేనే దాని బీజగణితం ఎమీనబుల్ అవుతుంది, లేకపోతే కాదు. 1972లో ఆయన రుజువు చేసిన సిద్ధాంతం ఇది. అదే ఏడాది పెర్ ఎన్‌ఫ్లోకి బాతు దక్కింది.

జాన్సన్ దీన్నే ఇంకోలా కూడా చెప్పాడు. లోకంలో సర్దుబాటు చేసే 'మధ్యవర్తులు' వరుసగా ఉండాలి, అవి పనిని అంతకంతకూ దగ్గరగా చేసుకొస్తూ పోవాలి, పైగా వాటి కొలత ఒక హద్దు దాటకూడదు. నా ఎంఫిల్‌లో ఈ నిర్వచనాన్ని శుభ్రంగా రాసి గైడుగారికి చూపించాను. ఆయన 'హద్దు' అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి పక్కన రాశారు: 'ఇది తీసేస్తే?'

'తీసేస్తే ఏం మిగులుతుంది సార్, ఏమీ మిగలదు' అన్నాను. ఆలోచించి కాదు. నాలుగు రోజుల్లో జూనియర్ కాలేజీ ఇంటర్వ్యూ ఉంది. ఆయన నవ్వి, 'ఒకసారి చూడవయ్యా' అన్నారు. చూడలేదు. ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది. గైడుగారు 2001లో పోయారు. కబురు తెలిసేసరికి పన్నెండో రోజు కూడా దాటింది.

చాలా ఏళ్ల తర్వాత మావాడి ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో, వాడికోసం ఎదురుచూస్తూ కంప్యూటర్‌లో వెతుకుతుంటే, 2004 నాటి ఒక పత్రం కనిపించింది. కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఫరీదూన్ ఘహ్రమానీ, ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా నుంచి రిచర్డ్ లోయ్ రాసింది. ఎమీనబిలిటీని సడలిస్తే ఏమవుతుంది అన్నదే అందులో విషయం. దాగిన ఎక్స్ ఒక్కటే ఉండనక్కర్లేదు, దగ్గరగా వచ్చే ఎక్స్‌లు వరుసగా ఉంటే చాలు, అవి ఎంత పెద్దవైనా సరే. సమూహాల బీజగణితాల్లో ఇలా సడలించినా కొత్తగా ఒక్కటీ లోపలికి రాదని వాళ్లే తేల్చారు. జాన్సన్ గీత ఎక్కడుందో అక్కడే ఉంది. కానీ బయట మాత్రం కొత్త లోకాలు దొరికాయి. చిన్న చిన్న బీజగణితాల్ని వరుసగా పేరిస్తే, ఒక్కోటీ సర్దుకుంటుంది గానీ సర్దుకోవడానికయ్యే ఖర్చు ఒకదాన్ని మించి ఇంకోటి. మొత్తం కలిపితే పాత అర్థంలో ఎమీనబుల్ కాదు, సడలించిన అర్థంలో అవుతుంది. తర్వాత 2007లో ఘహ్రమానీ, యోంగ్ జాంగ్ కలిసి ఇంకో పత్రం రాశారు. జాన్సన్ మధ్యవర్తుల నుంచి 'హద్దు' అన్న మాట ఒక్కటీ తీసేశారు. సరిగ్గా ఎర్ర సిరా గీసిన చోట.

మా మాస్టారు ముందే కనిపెట్టారని నేననడం లేదు. ప్రశ్న వేరు, పత్రం వేరు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది అది కాదు. ఆ ప్రశ్నకు తొలి ఉదాహరణ ఎంత సులువో తెలిశాక నిద్ర పట్టలేదు.

సంఖ్యల జాబితాలు తీసుకోండి. ఒకటి, అర, పావు, అరపావు... అలా అంతులేకుండా. వర్గాలన్నీ కూడితే మొత్తం అదుపులో ఉండాలి. రెండు జాబితాల్ని ఎదురెదురు అంకెలతో గుణించండి. ఇప్పుడు మొదట కొన్ని ఒకట్లు, మిగతా అన్నీ సున్నాలు ఉన్న జాబితాతో గుణిస్తే అసలు జాబితాలో మొదటి భాగం చెక్కుచెదరదు, తోక మాత్రం తెగుతుంది. ఒకట్లు పెంచుతూ పోతే తోక చిన్నదైపోతుంది. అంటే మధ్యవర్తి పని చేస్తున్నాడు! కానీ వాడి సొంత పొడవు? 100 ఒకట్లుంటే పొడవు 10. పదివేలుంటే 100. పెరుగుతూనే ఉంటుంది, హద్దు లేదు. కాబట్టి ఈ లోకం పాత అర్థంలో ఎమీనబుల్ కాదు. ఘహ్రమానీ, లోయ్‌ల 2004 అర్థంలో కూడా కాదని 2006లో డేల్స్, లోయ్, జాంగ్ చూపించారు. కానీ 'హద్దు' అన్న మాట ఒక్కటి తీసేస్తే చక్కగా అవుతుంది. ఏమీ మిగలదన్నానే, ఇది మిగులుతుంది. మూడు లైన్ల లెక్క. 1991లో ఆయన గదిలోనే, నిలబడి, సుద్దముక్కతో రాసెయ్యగలిగేవాణ్ని.

కాఫీ చల్లారిపోతోంది. పేజీ కింద ఖాళీ ఉంది. పెన్ను తీసి ఆ మూడు లైన్లు రాశాను. రాసి, స్కాటిష్ బుక్ పద్ధతిలో, ప్రశ్న అడిగినవారి పేరు దగ్గర మా గైడుగారి పేరు రాశాను. 2019 సెప్టెంబరు అని నెల వేశాను. సర్వరమ్మాయి కప్పులు తీసుకుపోతూ బల్ల తుడవడానికి గుడ్డ తీసింది. మా ఆవిడ చటుక్కున కాగితాన్ని పైకెత్తి పట్టుకుంది, తుడవడం అయిపోయేదాకా.

తర్వాత కళ్లజోడు పెట్టుకుని పేజీ అంతా చూసింది. 'పేరుంది, తేదీ ఉంది. బహుమతి ఏదీ?' అంది.

మాస్టారికి ఫిల్టర్ కాఫీ ఇష్టం. స్టీలు గ్లాసులో, చక్కెర తక్కువ. అదే రాశాను. రైలుకి ఇంకా గంటన్నర ఉంది.